ఒక్క వేలు, మార్చని తీగలు

అమెరికన్ గాయక బృందం టెంప్టేషన్స్ 1964లో పాడిన ‘మై గర్ల్’ వినండి. గొంతు రాకముందే, గిటార్ కూడా అందుకోకముందే బాస్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) పలుకుతుంది. పాట ఏదో అక్కడే తెలిసిపోతుంది. ఆ బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు మాత్రం రికార్డు మీద లేదు.

ఆ పాట తెచ్చిన డెట్రాయిట్ రికార్డుల కంపెనీ మోటౌన్ అప్పట్లో వాద్యకారుల పేర్లు వేసేది కాదు. (మన పాత సినిమా రికార్డుల మీద మాత్రం తబలా వాయించినవాళ్ల పేర్లు ఎన్ని కనిపిస్తాయి గనక!) 1959లో మోటౌన్‌లో చేరిన జేమర్సన్ పేరు తొలిసారి 1971లో, గాయకుడు మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ మీద పడింది. అంటే పుష్కర కాలం.

ఇది అన్యాయమే. కానీ ఆయన కథను అన్యాయం దగ్గరే ఆపేస్తే అసలు సంగతి జారిపోతుంది. జేమర్సన్ జాజ్ మనిషి. హైస్కూల్లో నేర్చుకున్నది నిలబెట్టి వాయించే పెద్ద బాస్. ఎలక్ట్రిక్ బాస్ చేతికొచ్చినా ఆ అలవాటు పోలేదు: కుడిచేతి చూపుడువేలు ఒక్కటే తీగ మీద ఆడేది. తోటివాళ్లు దాన్ని ‘హుక్’ అనేవారు, కొక్కెం అన్నమాట. తీగలు లావుపాటివి, తెగితే తప్ప మార్చేవారు కాదు. ఆ పాతబడిన తీగల మందపు నాదమే అందరూ మోటౌన్ సౌండ్ అన్నదాంట్లో సగం. మిగతా సగం ఆయన బుర్ర. మామూలుగా శ్రుతికి కాపలా కాసే బాస్, ఆయన చేతిలో గాయకుడితో మాట కలిపేది. నిర్మాతలు చాలాసార్లు కార్డ్స్ (కలిపి పలికించే స్వరాల గుత్తులు) రాసిన కాగితం ఇచ్చి, మిగతాది ఆయనకే వదిలేసేవారు. హిట్ల ఫ్యాక్టరీలో ఇంత స్వేచ్ఛ దొరకడం నాకిప్పటికీ వింతే.

1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు మారింది. కొన్నాళ్లకు ఆయనా వెళ్లారు. అక్కడ గాలి మారిపోయింది: కొత్త తీగల మెరుపు శబ్దం, బొటనవేలితో కొట్టే స్లాప్. ఆయన మారలేదు. పిలుపులు తగ్గాయి, తాగుడు పెరిగింది. ఏ మొండితనం ఆ నాదాన్ని తయారుచేసిందో, అదే ఆయన పని పోగొట్టిందని నా అభిప్రాయం.

1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ల వేడుక, మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ చేసిన రాత్రి. జేమర్సన్ టికెట్ కొనుక్కుని వెళ్లి బాల్కనీలో కూర్చున్నారు. ఆగస్టు 2న పోయారు, 47 ఏళ్లకే.