చతురస్రాన్ని తిప్పి చూపించిన రుజువు

గత నెలలో ఒకే సందేశం నాకు నాలుగు వాట్సాప్ గ్రూపుల నుంచి వచ్చింది. పైన "భ్రమణం, పరావర్తనం: ఐదు చిట్కాలు, పది నిమిషాలు" అన్న శీర్షిక, చివర జోడించిన చేతుల బొమ్మ, పిల్లలున్న ప్రతి ఒక్కరికీ పంపమన్న విన్నపం. మొదటి మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలుగోసారి పంపినవారు మా బావగారు. "లెక్కలు తెలిసినవాడివి కదా, అమ్మాయి చేత ఇవి కంఠస్థం చేయించు" అని కింద రాశారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు అప్పటికే వాటిని కంఠస్థం చేసిందనీ, తన జవాబు ఎందుకు తప్పయిందో తెలియక తల పట్టుకుని కూర్చుందనీ తెలిశాక ఇది రాయక తప్పలేదు.

భ్రమణమంటే బొమ్మను ఒక బిందువు చుట్టూ తిప్పడం, పరావర్తనమంటే ఒక రేఖను అద్దంలా ఉంచి ప్రతిబింబించడం. సందేశంలోని చిట్కాలు ఇవి. ఒకటి, భ్రమణం, పరావర్తనం ఏ వరసలో చేసినా ఫలితం ఒక్కటే. రెండు, రెండు పరావర్తనాలు చేస్తే బొమ్మ మొదటి స్థితికే వస్తుంది. మూడు, 180 డిగ్రీల భ్రమణమన్నా పరావర్తనమన్నా ఒకటే. నాలుగు, 90 డిగ్రీలు తిప్పమంటే నిరూపకాలను, అంటే బిందువు చోటు చెప్పే రెండు సంఖ్యలను, తారుమారు చేసి ముందుదాని గుర్తు మారిస్తే చాలు. ఐదు, మన ముగ్గులే దీనికంతటికీ సాక్ష్యం.

ఐదోదానితో నాకు పేచీ లేదు, అసలది వాదనే కాదు గనుక. నాలుగోది మూలబిందువు (0, 0) కేంద్రంగా అపసవ్య దిశలో, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా, తిప్పినప్పుడు మాత్రమే నిజం. (3, 1)ని (2, 1) చుట్టూ అదే దిశలో 90 డిగ్రీలు తిప్పితే (2, 2) వస్తుంది, చిట్కాను నమ్ముకుంటే (−1, 3) వస్తుంది. మూడోదాన్ని కొట్టివేయడానికి ఒక్క బిందువు చాలు: 180 డిగ్రీలు తిరిగిన (3, 1) కాస్తా (−3, −1) అవుతుంది, వై అక్షంలో ప్రతిబింబిస్తే (−3, 1) అవుతుంది. పైగా అపసవ్య దిశలో క, ఖ, గ అని శీర్షాలకు (మూలలకు) పేర్లు పెట్టిన త్రిభుజాన్ని ఎంత తిప్పినా ఆ వరస అపసవ్యంగానే ఉంటుంది, ఒక్క పరావర్తనంతో సవ్యమవుతుంది.

రెండో చిట్కా ఒకే రేఖలో రెండుసార్లు పరావర్తనం చేసినప్పుడు నిజమే. రేఖలు రెండయితే కథ వేరు. అవి ఖండించుకుంటే వాటి మధ్య కోణానికి రెట్టింపు భ్రమణం వస్తుంది, సమాంతరమైతే బొమ్మ వాటి మధ్య దూరానికి రెట్టింపు దూరం జరుగుతుంది. బట్టల దుకాణంలో రెండు నిలువుటద్దాలు లంబకోణంలో కలిసే మూల ఎదుట నిలబడి, సరిగ్గా ఆ మూలలో కనిపించే ప్రతిబింబంలో చొక్కా మీది అక్షరాలు చదవండి. మామూలు అద్దంలోలా తిరగబడి ఉండవు, తిన్నగా చదవవచ్చు. రెండు అద్దాలు కలిసి చేసిన 180 డిగ్రీల భ్రమణమది.

ఇక మొదటి చిట్కా. మిగతా నాలుగూ కలిసి చేసిన నష్టం కంటే ఇదొక్కటే చేసిన నష్టం ఎక్కువ, ఎందుకంటే దీనికి 'రుజువు' కూడా జతచేశారు. మూలబిందువు కేంద్రంగా గీసిన నీలిరంగు చతురస్రాన్ని ఒక వరుసలో ముందు తిప్పి తర్వాత పరావర్తనం చేశారు, ఇంకో వరుసలో ముందు పరావర్తనం చేసి తర్వాత తిప్పారు, రెండు వరుసల చివరా అదే నీలి చతురస్రాన్ని చూపించి పక్కన పచ్చటి టిక్కు పెట్టారు. అటువంటి చతురస్రాన్ని 90 డిగ్రీలు తిప్పినా, అక్షంలో పరావర్తనం చేసినా, ఏమీ చేయకుండా వెళ్లి టీ తాగి వచ్చినా కనిపించేది అదే చతురస్రం. శీర్షాలకు పేర్లయినా పెట్టని మహానుభావుడు సున్నను తలకిందులు చేసి, "చూశారా, అంకెలను ఎలా తిప్పినా మారవు" అని కూడా నిరూపించగలడు. 6కూ 9కీ ఆయనే సర్దిచెప్పుకోవాలి.

మా మేనకోడలి చేత నేను చేయించిన పని చిన్నది. పాత శుభలేఖ అట్టతో ఒక జెండా కత్తిరించింది. జెండాకర్ర (0, 0) నుంచి (3, 0) దాకా ఎక్స్ అక్షం మీద పడుకుని ఉంటుంది, జెండా కొస (3, 1) దగ్గర ఉంటుంది. కర్ర మొదలును గుండుసూదితో గ్రాఫు కాగితానికి గుచ్చాం. ముందు ఎక్స్ అక్షంలో పరావర్తనం, అంటే అట్టను బోర్లించడం: కర్ర కదలలేదు, కొస (3, −1)కు దిగింది. ఆపై అపసవ్యంగా 90 డిగ్రీలు తిప్పితే కర్ర నిటారుగా నిలబడింది, కొస (1, 3) దగ్గరికి చేరింది. మళ్లీ మొదటి నుంచి, ఈసారి ముందు తిప్పింది: కర్ర నిలబడింది, కొస (−1, 3). ఇప్పుడు ఎక్స్ అక్షంలో పరావర్తనం చేస్తే నిలబడ్డ కర్ర కాస్తా కిందికి వేలాడింది, కొస (−1, −3)కు పోయింది. ఒకటి ఎగరేసిన జెండా, ఇంకొకటి తలకిందులైన జెండా. రెండూ 'ఒక్కటే' అని టిక్కు పెట్టే ధైర్యం నాకు లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. చతురస్రాన్ని తన చోటనే ఉంచే కదలికలు, ఏమీ చేయకపోవడంతో కలిపి, ఎనిమిది. వాటిలో రెండేసి చొప్పున వరసతో సహా జతకడితే 64 జతలు వస్తాయి. కూర్చుని లెక్కపెడితే 40 జతల్లో వరస మార్చినా ఫలితం మారడం లేదు! సగమైనా ఉండవనుకున్న నేను రెండుసార్లు సరిచూసుకున్నాను. కానీ ఆ నలభైలో ఏమీ చేయకపోవడానికి సంబంధించినవి ఉన్నాయి, భ్రమణంతో భ్రమణాన్ని కలిపినవి ఉన్నాయి. సందేశం మాట్లాడింది భ్రమణంతో పరావర్తనాన్ని కలపడం గురించి. మూడు భ్రమణాలు, నాలుగు పరావర్తనాలు కలిసి 12 జోడీలు. చిట్కా నిలబడేది 180 డిగ్రీల భ్రమణం ఉన్న నాలుగింటిలోనే, మిగిలిన ఎనిమిదింటిలో తప్పు.

బావగారికి తిరిగి పంపడానికి వీలుగా ఒక్క వాక్యంలో రాశాను: పరావర్తన రేఖ భ్రమణ కేంద్రం గుండా పోతున్నప్పుడు వరస మార్చాలంటే తిప్పే దిశను కూడా మార్చాలి. జెండాను ముందు సవ్య దిశలో 90 డిగ్రీలు తిప్పితే కొస (1, −3)కు వస్తుంది, ఆపై ఎక్స్ అక్షంలో పరావర్తనం చేస్తే (1, 3)కు చేరి కర్ర మళ్లీ నిటారుగా నిలబడుతుంది.