స్క్రూ తల అరిగాక ఎవరికి చెప్పుకోవాలి?

నిన్న బైక్ క్లచ్ కవర్ విప్పుదామని కూర్చున్నాను. మూడో స్క్రూకే స్క్రూడ్రైవర్ బిట్ (మార్చుకునే మొన) జారింది. గాడి కాస్తా అరిగి గుండ్రటి గుంటయింది. బిట్ల డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'క్రోమ్ వెనేడియం', అంటే గట్టి ఉక్కు, అని ఉంది. బిట్ మొన చూస్తే మెలి తిరిగిపోయింది! ఇంత మెత్తటి ఉక్కుతో పనిముట్లు చేసి అమ్మడానికి మనసెలా వస్తుందో.

అసలు కోపం వేరే ఉంది. జపాన్ బైకుల్లో, ముఖ్యంగా పాతవాటిలో, స్టార్ స్క్రూలు (తల మీద ప్లస్ గాడి ఉన్నవి) చాలావరకు మామూలు ఫిలిప్స్ రకం కావు, జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఫిలిప్స్ మొన జేఐఎస్ గాడిలో అడుగుదాకా సరిగ్గా కూర్చోదు, గట్టిగా తిప్పగానే పైకి తన్నుకొస్తుంది. తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ అని గుర్తు. ఈ ఒక్క ముక్క అమ్మేవాళ్ళు చెబితే ఎన్ని స్క్రూలు బతికేవి! అది చెప్పకుండా 40 బిట్ల డబ్బా అంటగడతారు. అందులో బైక్ పనికి ఎక్కువగా వాడేది 2, 3 నంబర్లే. జేఐఎస్ ఒక్కటీ ఉండదు.

బోల్టు తలకి తొడిగి తిప్పే సాకెట్లూ అంతే. తుప్పు పట్టిన బోల్టుని మూలలు అరగకుండా పట్టేది 6 మూలల సాకెట్. సెట్లలో 12 మూలలవి పెట్టి ఇస్తారు.

చివరికి, సుత్తితో కొడితే స్క్రూని తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్‌తో కొట్టినా ఆ స్క్రూ కదల్లేదు. డ్రిల్ పెట్టి తల తీసేశాను. సాయంత్రమంతా పోయింది, కవర్ మీద గీత మిగిలింది.