చివరి రెండు పాటలు

1992లో అనంతపురంలో ఇంటర్ చదివేటప్పుడు నా దగ్గర అమెరికా రాక్ బ్యాండు గన్స్ ఎన్ రోజెస్ క్యాసెట్ ఒకే ఒక్కటి ఉండేది. 'యూజ్ యువర్ ఇల్యూజన్' మొదటి భాగం. నా స్నేహితుడి చిన్నాయన కొడుకు బెంగళూరులో చదువుతూ, ఎవరిదో సీడీ అడిగి రికార్డ్ చేసి పంపాడు. ఆల్బమ్ 76 నిమిషాలు, క్యాసెట్ 60 నిమిషాలది. రెండో వైపు ఒక పాట మధ్యలో టక్కున ఆగిపోయేది. ఆ తర్వాతి రెండు పాటలు అసలు లేవు. కానీ అట్ట మీద బాల్‌పెన్నుతో 16 పాటల పేర్లూ వరసగా రాసి ఉండేవి. ఆ చివరి రెండు పేర్లు చదువుకుంటూ, ఆ పాటలు ఎట్లా ఉంటాయో నేనూ నా స్నేహితుడూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. ఆఖరి పాట ఒక్కటే పది నిమిషాల పైన ఉంటుందని నాకు తెలిసింది 1998లో, అమెరికా వచ్చి సీడీ కొనుక్కున్న రోజు.

పోయిన ఉగాది ఫంక్షన్‌లో భోజనాల దగ్గర ఒక పెద్దాయన అడిగాడు: "ఇంకా ఆ బ్యాండు కొత్త ఆల్బమ్ కోసం చూస్తున్నావా? ఉన్న పాటలు చాలవా?" అప్పుడు చేతిలో ప్లేటు పెట్టుకుని సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చాలవు. ఎందుకు చాలవో ఇప్పుడు చెప్తాను.

ఈ బ్యాండు 1991 సెప్టెంబర్ 17న రెండు ఆల్బమ్‌లు ఒకే రోజు విడుదల చేసింది. 1993లో వేరేవాళ్ళ పాటలు పాడి ఇంకొకటి తెచ్చింది. 1996లో గిటార్ వాయించే స్లాష్, ఆ మరుసటి ఏడాది బేస్ గిటార్ వాయించే డఫ్ వెళ్ళిపోయారు. తర్వాతి ఆల్బమ్ 'చైనీస్ డెమాక్రసీ' వచ్చేసరికి 2008 నవంబర్ 23 అయింది. దాని మీద అప్పటికే 1 కోటి 30 లక్షల డాలర్లు ఖర్చయిందని న్యూయార్క్ టైమ్స్ 2005లోనే రాసింది. ఆ ఆదివారం పొద్దున షాపు తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. మంచి పాటలు ఉన్నాయి, కాదనను. కానీ పాతవాళ్ళలో పాటలు పాడే ఆక్సెల్, కీబోర్డు వాయించే డిజ్జీ రీడ్ తప్ప ఎవరూ లేరు. స్లాష్ గిటార్ పలకాల్సిన చోట ఇంకెవరో పలుకుతుంటే మనసు ఒప్పలేదు.

మళ్ళీ కలుస్తారా అని 2012లో అడిగితే ఈ జన్మలో జరగదన్నాడు ఆక్సెల్. 2016లో కలిశారు, ఆ మాటనే టూర్‌కు పేరుగా పెట్టుకున్నారు. 2019 దాకా సాగిన ఆ టూర్ 58 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాత పాటలు పాడితే స్టేడియాలు నిండుతున్నాయి. కొత్త ఆల్బమ్ చేయాలంటే నెలల తరబడి స్టూడియోలో కూర్చోవాలి, గొడవ పడాలి, బాగాలేనిది పారేయాలి. అంత చేసినా టికెట్ల మీద వచ్చేదాంట్లో అది ఏ మూలకూ రాదు. 2021 నుంచి ఒక్కో పాట వదులుతున్నారు, నిజమే. వాటిలో చాలామటుకు 'చైనీస్ డెమాక్రసీ' రోజుల్లో మిగిలిపోయినవే. వాటికి స్లాష్, డఫ్ తమ వాయిద్యాలు కలిపారు. ముగ్గురూ ఒక గదిలో కూర్చుని మొదటి నుంచి కట్టిన ఆల్బమ్ మాత్రం ఇంతవరకు రాలేదు.

ఆలస్యం మీద నాకు కోపం లేదు. మాది వానను నమ్ముకుని శెనక్కాయ వేసే ఊరు. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే పక్క చేన్లవాళ్ళు విత్తడానికి గొర్రు కట్టేవాళ్ళు. మా నాయన కట్టేవాడు కాదు. రోజూ పొద్దున్నే చేలోకి పోయి, జానెడు లోతు తవ్వి, ఎర్రమట్టి పిడికిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కేవాడు. చెయ్యి తెరిచినప్పుడు మట్టి పొడిపొడిగా రాలిపోతే, చెయ్యి దులుపుకుని ఇంటికి వచ్చేసేవాడు. ఒక ఏడాది జూలై ఆఖరు దాకా విత్తనం బుడ్డలు ఒలిచి పెట్టుకుని కూర్చున్నాం. అమ్మ టెన్షన్ పడిపోయేది, ఆయన మాత్రం పదును కాలేదనే అనేవాడు. అయితే అన్ని రోజుల్లో ఒక్క పూట కూడా ఆయన చేలోకి పోవడం మానలేదు. పదును కోసం చూడటం వేరు, చేను వైపే పోకపోవడం వేరు. ఈ బ్యాండు దగ్గర నేను అడిగేది అంతే. ఇంకో నాలుగేళ్ళు పట్టినా సరే, రోజూ చేలోకి పోండి.

వయసైపోయింది, గొంతు పోయింది అనేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆక్సెల్ గొంతు 1991లో ఉన్నట్టు లేదు, అది నాకూ వినిపిస్తుంది. అయినా రోలింగ్ స్టోన్స్ 2023లో కొత్త ఆల్బమ్ తెచ్చినప్పుడు మిక్ జాగర్‌కు 80 ఏళ్ళు. వాళ్ళు సొంత పాటలతో ఆల్బమ్ చేసి అప్పటికి 18 ఏళ్ళు. వీళ్ళు ముగ్గురూ అరవై దాటారు, అంతే. ఇరవై అయిదేళ్ళప్పుడు రాసిన కోపాన్ని అరవైలో మళ్ళీ మళ్ళీ పాడుతున్నారు. అరవైలో వాళ్ళకు ఏం అనిపిస్తుందో నాకు వినాలని ఉంది. నాకూ యాభై దాటాయి.

ఆ క్యాసెట్ ఇప్పుడు అనంతపురంలోనే, నా స్నేహితుడి దగ్గర ఉంది. 2012 డిసెంబర్‌లో బ్యాండు బెంగళూరు వచ్చినప్పుడు వాడు పోలేదు, స్లాష్ లేకుండా ఏం చూడాలన్నాడు. 2025 మేలో స్లాష్‌తో కలిసి ముంబై వస్తున్నారని తెలియగానే, కూతుర్ని వెంటబెట్టుకుని ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. మహాలక్ష్మి రేసుకోర్సు నుంచి అర్ధరాత్రి నాకు ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "స్లాష్‌ను చూసినానప్పా," అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి వాడు అడిగే మొదటి మాట, "ఏమప్పా, ఏమన్నా తెలిసిందా?" ఇంకా లేదంటాను. ఆల్బమ్ వచ్చిన రోజున ఏం చేయాలో ఇద్దరం ముందే అనుకున్నాం. ఇక్కడ రాత్రయినా, అక్కడ పొద్దున్నయినా, ఫోన్లో లెక్కపెట్టుకుని ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ఈసారి చివరి రెండు పాటలు కూడా విన్నాకే ఫోన్ పెట్టేస్తాం.