‘మొదట్లో బాగుండేది’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘మొదట్లో బాగుండేది’ గారికి,

ఉభయకుశలోపరి. మీరు ప్రతి హోటల్ సాంబారు దగ్గరా, ప్రతి హీరో మూడో సినిమా దగ్గరా ఉంటారని చిన్నప్పట్నుంచీ తెలుసు గానీ, మిమ్మల్ని మరీ దగ్గర్నుంచి చూసింది మాత్రం ఇంగ్లండ్‌లో. అదీ ‘మై ఫ్యామిలీ’ అనే బీబీసీ కామెడీ గురించి ఆఫీసులో టీ తాగుతూ నోరు జారి అడిగినప్పుడు.

ఆ షో చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. లండన్‌లో చిజిక్ అనే చోట బెన్ హార్పర్ అని ఒక పళ్ల డాక్టరు. ఆయనకు మనుషులంటే చిరాకు, పేషెంట్లంటే ఇంకా చిరాకు, సొంత పిల్లలంటే చెప్పక్కర్లేదు. భార్య సూజన్‌కి అన్నీ తను అనుకున్నట్టే జరగాలి, ఇక ఆవిడ వంట చేస్తానంటే ఇంటిల్లిపాదీ వణుకుతారు. ఏ పనిలోనూ నిలవని పెద్దోడు నిక్, అమ్మాయి జేనీ, ఇంట్లో అందరికన్నా తెలివైన చిన్నోడు మైకేల్. బెన్‌గా రాబర్ట్ లిండ్సే, సూజన్‌గా జోయీ వానమేకర్ (హ్యారీ పాటర్ మొదటి సినిమాలో పిల్లలకు చీపురు మీద ఎగరడం నేర్పే టీచరమ్మ ఈవిడే). 2000 సెప్టెంబరులో మొదలై 2011 సెప్టెంబరు దాకా నడిచింది. 11 సీజన్లు, 120 ఎపిసోడ్లు.

ఇప్పుడు చెప్పండి, ఈ 120 ఎపిసోడ్లూ ఎవరు చూశారు సార్?

ఎందుకంటే నేను అడిగినవాళ్లలో ఒక్కరూ చూడలేదు. అందరూ మీ శిష్యులే. ‘మొదట్లో బాగుండేది, నిక్ వెళ్లిపోయాక మానేశా’ అంటారు. నిక్ వేషం వేసిన క్రిస్ మార్షల్ 2004 ప్రాంతంలో తప్పుకున్నాడు. అప్పుడే మానేశారన్నమాట, సరే. కానీ కాసేపు కదిపితే చాలు, ఆ తరవాత ఇంట్లో చేరిన వెల్ష్ కుర్రాడు ఆల్ఫీ గురించి చెప్తారు, చివరి సీజన్లలో మైకేల్ తను గే అని ఇంట్లో చెప్పడం గురించి చెప్తారు, క్రిస్మస్ స్పెషల్స్‌లో ఏది తేలిపోయిందో కూడా చెప్తారు. మానేశాక జరిగిన కథ మీకెలా తెలిసిందండీ అంటే, ‘టీవీ ఆన్‌లో ఉండింది’ అని జవాబు. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా ఇంట్లో కూడా రాత్రి సీరియల్ ఎవ్వరూ చూడరు, కరెంటు పోతే మాత్రం కథ ఎక్కడ ఆగిందో అందరికీ తెలుసు.

అసలు మీలో ఉన్న ఆ ‘మొదట్లో’ ఎప్పుడండీ? ఒకాయన నిక్ ఉన్నంతవరకూ అంటాడు. ఇంకొకావిడ కాదు, మూడో సీజన్‌లో జేనీ కనపడకుండా పోయి, ఆవిడ బదులు చుట్టాలమ్మాయి అబీ వచ్చినప్పుడే పోయింది అంటుంది. మొదటి సీజన్ ఒక్కటే బాగుందనేవాళ్లు ఒక వర్గం. అన్నిటికన్నా ఘనుడు నా పక్క సీటాయన: లిండ్సే 1970ల్లో ‘సిటిజన్ స్మిత్’ అనే కామెడీలో విప్లవకారుడిగా చేసినప్పుడే బాగుండేవాడు, తరవాత అంతా పడిపోయిందేనన్నాడు. అంటే ఈ షో పుట్టకముందే బాగుండేదన్నమాట. ఇంతకుమించి మీరు వెనక్కి వెళ్లలేరనుకుంటా, వెళ్తే చెప్పండి.

నాకు మెల్లగా అర్థమైంది ఏంటంటే, ఆ దేశంలో కామెడీ చేసిన పాపం నవ్వించకపోవడం కాదు, టైముకి లేచి వెళ్లిపోకపోవడం. ‘ఫాల్టీ టవర్స్’ అనే పాత బీబీసీ కామెడీ 12 ఎపిసోడ్లు తీసి ఊరుకుంది, ఇప్పటికీ దండలు వేస్తారు. మై ఫ్యామిలీ దానికి సరిగ్గా పదింతలు తీసింది. పైగా మొదలుపెట్టిన ఫ్రెడ్ బారన్ అమెరికా ఆయన, అక్కడి పద్ధతిలో రచయితల గుంపును కూర్చోబెట్టి రాయించాడు. ఒకరిద్దరు కూర్చుని, రక్తం చిందించి, ఆరు ఎపిసోడ్లు రాస్తేనే కళ అనుకునే వాళ్లకు ఇది ఫ్యాక్టరీలా కనిపించింది. ‘ఆ డబ్బా నవ్వులు (రికార్డు చేసి అతికించే నవ్వులు) భరించలేం’ అని ఇంకో ఫిర్యాదు. పైన్‌వుడ్ స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టే తీసేవాళ్లు, నవ్వింది మనుషులే. ఆ మనుషులు కూడా ఇంటికెళ్లి మొదట్లో బాగుండేది అనే ఉంటారు లెండి.

2007లో ‘అవుట్‌నంబర్డ్’ అనే ఇంకో బీబీసీ కుటుంబ కామెడీ వచ్చాక మీ చేతికి మంచి కర్ర దొరికింది. అందులో పిల్లలకు డైలాగులు పూర్తిగా బట్టీ పట్టించలేదు, చాలావరకు వాళ్లను వాళ్ల మాటల్లోనే మాట్లాడనిచ్చారు. వెనకాల నవ్వులు లేవు. నిజంగానే గొప్పగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ అది చూసొచ్చిన ప్రతివాడూ వెళ్లి హార్పర్ల ఇంటిమీద రాయి వేయడం దేనికి? పక్కింట్లో ఉగాది పచ్చడి బాగుందని మన ఇంట్లో పచ్చడి గిన్నె బోర్లించం కదా.

మీరు పూర్తిగా తప్పు అని కూడా నేను అనలేను, అది నా బాధ. చివరి సీజన్లలో జోకు వచ్చే చప్పుడు ముందే వినపడేది, మన ఊరి బస్సులాగా మలుపు తిరగకముందే. కానీ బెన్, సూజన్ ఒకర్నొకరు గీరుకోవడం మాత్రం ఆఖరిదాకా తగ్గలేదని నా అభిప్రాయం. వాళ్లిద్దరికీ పిల్లలు ఉన్నా లేకపోయినా ఒకటే. నిక్ పోతే షో పోయిందనడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

‘మా లైసెన్సు డబ్బులతో (అక్కడ టీవీ చూసే ఇళ్లవాళ్లు ఏటా కట్టే రుసుము, బీబీసీ నడిచేది దాంతోనే) ఇదా తీసేది’ అని కూడా అనేవారు. 2011లో అది ఏడాదికి 145.50 పౌండ్లు, నేనూ కట్టినవాణ్ణే, కాబట్టి మాట్లాడే హక్కు ఉంది. 2004లో బీబీసీ పెట్టిన ఓటింగులో దేశంలోని కామెడీలన్నిటిలో దీనికి 24వ స్థానం వచ్చింది. ఎవరూ చూడని షోకి ఆ ఓట్లు వేసింది కూడా ఆన్‌లో ఉన్న టీవీయేనా?

చివరికి 2011 మార్చిలో బీబీసీ వాళ్లు ఆపేస్తున్నామన్నారు. పిల్లలందరూ గూడు వదిలి వెళ్లిపోయారు కాబట్టి కొత్త కామెడీలకు చోటిస్తున్నామని కారణం చెప్పారు. పెద్దోడు వెళ్లి ఏడేళ్లయింది మహాప్రభో, మీరు అప్పట్నుంచీ చెవిలో చెప్తూనే ఉన్నారు, వాళ్లకు ఇప్పుడు వినపడింది. మర్నాడు టీ దగ్గర అందరి మొహాలూ కాస్త వాడిపోయి ఉన్నాయి. ‘అయ్యో, ఆపేస్తున్నారట కదా’ అన్నాడు నా పక్క సీటాయన. ‘ఈమధ్య మళ్లీ కాస్త దార్లో పడింది’ అని కూడా అన్నాడు.

ఇట్లు,
నిక్ వెళ్లిపోయాక మానేసి, ఆఖరి ఎపిసోడ్ దాకా చూసిన మీ విధేయుడు

తా.క.: నిరుడు పాత ఎపిసోడ్లు మళ్లీ మొదట్నుంచీ చూశాను. మొదటి సీజన్ మరీ అంత బాగాలేదండీ.