పెంపకం ఒక్కటే కాదు
ఇంట్లో ఏం చూస్తూ పెరిగామో, రేపు నలుగురిని నడిపించేటప్పుడు అదే చేస్తామని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటా. మా ఉమ్మడి నల్గొండ జిల్లా బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట్లో పుట్టిన రావి నారాయణరెడ్డి గారు ఆ దొరల పెత్తనం మీదే సాయుధ పోరాటం నడిపారు. 1952లో జనం ఆయన్ని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. పెంపకమే అంతా అయితే ఆయన గడీ వైపే ఉండాలి కదా! అంత దూరం ఎందుకు, దేవరకొండ దగ్గర మా ఊళ్ళో మా మేనత్త మహిళా సంఘం లీడరు. మా తాత గొంతు వింటే ఇల్లంతా వణికేది. ఈమె మాత్రం గొంతు పెంచదు. నెల మీటింగులో పుస్తకం తెరిచి ఎవరి పొదుపు ఎంత, ఎవరి కిస్తీ ఎంత బాకీ అని చదువుతుంది, బాకీ ఉంటే ముందు తనదే. బ్యాంకు సారు వచ్చి కూర్చున్నా అంతే. అరిచే వాళ్ళకే జనం భయపడతారనుకునే మా బాబాయికి ఇది ఇప్పటికీ మింగుడు పడదు. తాత నుంచి ఆమెకు వచ్చింది ఒకటుంది, ఏ రోజు లెక్క ఆ రోజే తేల్చేయడం. రూపాయి తేడా వచ్చినా ఆ రాత్రి నిద్రపోదు, మమ్మల్నీ పోనివ్వదు.