తెలిసినవాడి పీడ విరగడైంది

ఒకప్పుడు ప్రతి ఆఫీసులోనూ తెలిసినవాడు అని ఒకడుండేవాడు. ప్రింటర్ ఎందుకు మొరాయిస్తుందో, ఏ క్లయింటుకు ఏ రేటు చెప్పాలో, నెలాఖరున సర్వర్ పడుకుంటే ఎలా లేపాలో ఆయనకే తెలుసు. ఏదైనా కావాలంటే ఆయన సీటు దగ్గరికెళ్ళి నిలబడాలి. సీట్లో లేకపోతే కిందికి దిగి, టీ కొట్టు దగ్గర పట్టుకుని, టీ డబ్బులు మనమే ఇచ్చి అప్పుడు అడగాలి. చెప్పేవాడే, కాదనను. కానీ చెప్పేముందు "నువ్వేం చేసి చూసినవ్?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. చదువుకున్న మనిషికి ఇంతకంటే అవమానం ఉంటుందా? హైదరాబాదు ఉద్యోగి ఈ పరాధీనత నుంచి బయటపడ్డాడు. ఆ ఘనత జేబులోని ఫోనుదే.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన కొత్తలో ఇంకో దారి కూడా ఉండేది. అమీర్‌పేట వెళ్ళి, మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్సు షాపుల్లో కంప్యూటర్ కోర్సుల స్పైరల్ బైండింగు నోట్సు కొనుక్కునేవాళ్ళు. కొన్నాక చదివేవాళ్ళు కూడా. ఆ తరానికి పాపం వేరే గతి లేదు. ఇప్పుడు అదే అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు ఉద్యోగికి యాభై మెసేజీలు వచ్చి పడతాయి. ఒక్కటీ చదవక్కర్లేదు. వాట్సాప్ గ్రూపు తెరిస్తే చాలు.

తెరిస్తే చాలన్న ఈ మహత్తర సూత్రానికి పునాది పడింది 2014 నవంబరులో. వాట్సాప్ నీలి టిక్కులు తెచ్చింది అప్పుడే. మెసేజ్ చూశారని మాత్రమే దాని అర్థమని కంపెనీ అనుకుంది. మన మేనేజర్లు అంతటితో ఆగలేదు. చూశారంటే నేర్చుకున్నారు, ఒప్పుకున్నారు, రేపు తేడా వస్తే బాధ్యత కూడా వాళ్ళదే. "గ్రూపులో పెట్టిన కదా" అన్నాక ఇక అప్పీలు లేదు. చూసినవాళ్ళు బొటనవేలి బొమ్మ కూడా పెడితే అది శిక్షణ పూర్తయినట్టు సర్టిఫికెట్టు. వేలిముద్ర వేసేవాణ్ణి నిశాని అని వెక్కిరించిన దేశం మనది. ఇప్పుడు ఎంటెక్‌లు, ఎంబీఏలు రోజుకు ఇరవైసార్లు వేలు పెడుతుంటే నోరెత్తేవాడు లేడు.

గ్రూపుల సంగతికొస్తే, పద్ధతిగా నడిచే ఏ ఆఫీసులోనైనా కనీసం మూడుంటాయి. అందరూ ఉన్నది ఒకటి. మేనేజర్ లేనిది ఒకటి. మేనేజర్‌కు కబుర్లు మోసేవాడు కూడా లేనిది ఇంకొకటి. అసలు విషయాలన్నీ ఈ మూడో దాంట్లోనే ఉంటాయి. 2022లో వాట్సాప్ ఒక్కో గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చని పరిమితి పెంచింది. మూడో గ్రూపు మాత్రం అంతటా ఐదారుగురి దగ్గరే ఆగిపోయింది. ప్రజాస్వామ్యానికి హద్దులుంటాయి మరి.

ఇక కేటీ. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని పూర్తిగా పలికే ఓపిక ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. ఉద్యోగం మానేసేవాడు నోటీసు పీరియడ్‌లో తన తలలో ఉన్నదంతా తర్వాతివాడి తలలోకి వంపాలి. పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు చేయనిచ్చి, మళ్ళీ సరిచేసి, నెలలు పట్టే పని. ఇప్పుడు వెళ్ళేవాడు ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడుపుతూ నాలుగు వాయిస్ నోట్లు పంపుతాడు. "ఆ స్క్రీన్‌లో, అదే, కుడిపక్కన, కాదు కాదు, మొన్న నీకు చూపించిన కదా..." ఇంతలో హారన్. తర్వాత టోల్‌గేటు దగ్గర ఎవరితోనో చిల్లర గొడవ. దాని తర్వాత "అంతే, సింపుల్." వాయిస్ నోట్లను రెట్టింపు వేగంతో వినే ఏర్పాటు 2021లో వచ్చింది కాబట్టి, అందుకునేవాడు ఆ అనుభవసారాన్నంతా లిఫ్టు పైకెళ్ళేలోపు గ్రహిస్తాడు. చిల్లర గొడవ బాగా గుర్తుండిపోతుంది.

కొత్తగా చేరినవాడి అదృష్టం ఇంకా గొప్పది. సోమవారం పొద్దున్నే వాణ్ణి పద్నాలుగు గ్రూపుల్లో చేరుస్తారు. అంతకుముందు జరిగిన సంభాషణ వాడికి దానంతటది కనబడదు. రెండేళ్ళ చర్చలు, తిట్లు, పరిష్కారాలు అన్నీ అక్కడే ఉన్నా, వాడికి కనిపించేది "వెల్‌కమ్ బ్రో" నుంచే. ఎవరి తప్పులూ తెలియకుండా స్వచ్ఛంగా మొదలుపెట్టి, అవే తప్పులు సొంతంగా చేసుకుంటాడు. వైట్‌బోర్డు మీది డిజైన్ కావాలని అడిగితే దాని ఫొటో పోయిన ఏడాది ఫలానా గ్రూపులో ఉందంటారు. వెతికి నొక్కితే ఫైలు లేదు, పంపినవారిని మళ్ళీ అడగమంటుంది. పంపినవారు బెంగళూరులో.

ఇంతటి ప్రవాహానికి అడ్డుపడేవాళ్ళూ లేకపోలేదు. పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారన్న వదంతులకు మన దేశంలో అమాయకులు బలయ్యాక, 2018లో వాట్సాప్ ఇక్కడ ఫార్వర్డులను ఒక్కసారికి ఐదు చాట్లకు పరిమితం చేసింది. అది న్యాయమే, అందులో వెటకారానికి తావు లేదు. కానీ ఒక ఎక్సెల్ షీటును పదిహేను గ్రూపులకు పంపాల్సిన మేనేజర్ ఐదేసి చొప్పున మూడుసార్లు పంపుకోవాల్సి వస్తోంది. అమెరికావాళ్ళయితే మరీ దారుణం. ఉద్యోగులు సొంత ఫోన్లలో వాట్సాప్‌లో వ్యాపార విషయాలు మాట్లాడుకున్నారు, ఆ రికార్డులు దాచలేదు అని 2021 డిసెంబరులో జేపీ మోర్గాన్ బ్యాంకుకు 20 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. ఆ లెక్కన మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా వసూలు మొదలుపెడితే రాష్ట్ర బడ్జెట్టుకు లోటుండదు.

ఇకుజిరో నొనాకా అనే జపాన్ ఆచార్యుడు 1990లలో ఒక సంగతి చెప్పాడు. సంస్థకు అసలు బలం కాగితం మీద లేని జ్ఞానంలో ఉంటుందట, అది మనుషులు కలిసి పనిచేస్తేనే ఒకరి నుంచి ఒకరికి పాకుతుందట. మా ఆఫీసులోనూ అందరం పక్కపక్కనే కూర్చుంటాం. పక్క సీటువాడికి చెప్పాల్సింది గ్రూపులో చెబుతాం. అంతకంటే ఎలా కలవమంటాడో ఆయన!

అంతా సజావుగా ఉందనుకుంటుండగా మొన్న ఒక ప్రమాదం బయటపడింది. వైఫై పాస్‌వర్డ్ ఎవరికి కావాలన్నా ఇస్తాడని రాత్రి డ్యూటీ గార్డును కూడా గ్రూపులో చేర్చాం. రాత్రంతా ఆయనకు పనేముంది, చేర్చిన రోజు నుంచి ప్రతి మెసేజూ చదివాడు. ప్రతి వాయిస్ నోటూ విన్నాడు, అదీ మామూలు వేగంతో. ఇప్పుడు నెలాఖరున టీమ్ లీడ్లు గేటు దగ్గర నిలబడి "భాయ్, ఆ సర్వర్ సంగతి..." అని నసుగుతున్నారు. "మూడో వాయిస్ నోటు, టోల్‌గేటు గొడవ అయినాక వస్తది సార్" అంటున్నాడాయన.

ఇలాంటివి మొగ్గలోనే తుంచాలని, ఆయన్ను గ్రూపులోంచి తీసేయమని అడుగుదామనుకున్నాం. అడ్మిన్ ఎవరో మాకు తెలియలేదు. గార్డుకు తెలుసు. పోయిన దీపావళికి మానేసి, ఎదుటి బిల్డింగులో మా పోటీ కంపెనీలో చేరిన మేడమట. ఆవిడ కంపెనీ మారింది గానీ గ్రూపు మారలేదు. మా కొటేషన్లకు రోజూ అందరికంటే ముందు వేలు పెడుతున్నది ఆవిడే.