మసాలా ధరకు ఉప్పు కొంటున్నామా?

వంటలో రుచికి చల్లుకునే మసాలా మిశ్రమం, అంటే సీజనింగ్ పొట్లానికి ముందువైపు రంగుల బొమ్మ ఉంటుంది. అసలు లెక్క వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. పదార్థాల పేర్లను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది చాలా దేశాల్లో లేబుల్ నియమం. ఆ వరసలో మొదటి మాట ‘ఉప్పు’ అయితే, పొట్లంలో మరే దినుసు కన్నా ఉప్పే ఎక్కువని అర్థం. రెండోది చక్కెరో, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థమో అయితే ఇక చెప్పేదేముంది! ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగిలేది ముఖ్యంగా ఇక్కడే. ఉప్పుకు ఉప్పు ధరే ఇస్తాం, మసాలా ధర ఇవ్వం.

మసాలా దినుసు ఉప్పు కంటే ఇరవై రెట్లు ఖరీదనుకుందాం. 100 గ్రాముల మిశ్రమంలో 40 గ్రాములు ఉప్పుంటే, మొత్తం మసాలాతోనే నింపినప్పుడయ్యే సరుకు ఖర్చులో అది 62 శాతమే. పొట్లాన్ని మసాలా ధరకే కొంటే, మిగతా 38 శాతం, దానిపైన ప్యాకింగ్, రవాణా, ప్రకటనల భారం కొనేవాళ్లదే.

అలాగని అన్నీ ఇంట్లోనే చేసుకోవాలనడం అమాయకత్వం. ఉల్లిపొడినే తీసుకోండి. ఉల్లిలో దాదాపు 89 శాతం నీరే. పొట్టు తీసిన కిలో ఉల్లిని ఎండబెడితే వంద గ్రాముల పొడి చేతికొస్తే గొప్ప. బజార్లో ఉల్లిపొడి ధర పచ్చి ఉల్లి ధరకు పది రెట్లు దాటితే తప్ప గిట్టుబాటు కాదు, అదీ కరెంటు ఖర్చు కలపకుండా. వెల్లుల్లి సంగతి వేరు. దాంట్లో నీరు అరవై శాతం పైచిలుకు మాత్రమే, ఒలిచిన కిలో రెబ్బలకు 350 నుంచి 400 గ్రాముల పొడి వస్తుంది. 3 మిల్లీమీటర్ల మందాన తరిగి, 55–60 డిగ్రీల వేడిలో ముక్క వంగకుండా పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టాలి. తొందరపడి వేడి పెంచితే ముక్కలు గోధుమరంగుకు తిరిగి చేదెక్కుతాయి. కాస్త చెమ్మ మిగిలినా పొడి మిక్సీ బ్లేడు చుట్టూ అతుక్కుంటుంది, సీసాలో తెల్లారేసరికి రాయిలా గడ్డకడుతుంది.

కచ్చితంగా లాభం కనిపించేది గింజ దినుసులతో. ధనియాలు 60 గ్రాములు, జీలకర్ర 30, మిరియాలు 15, తొడిమలు తీసిన ఎండుమిర్చి 10, శొంఠి పొడి 5 గ్రాములు. మొత్తం 120 గ్రాములు. దేన్నీ మరోదానితో కలిపి వేయించకూడదు. ధనియాలకు సన్నటి సెగ మీద మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. జీలకర్ర రెండు నిమిషాల్లోపే రంగు తిరుగుతుంది. కలిపి వేయిస్తే ధనియాలు వేగేలోపు జీలకర్ర మాడుతుంది, ఆ చేదు మొత్తం పొడికి పడుతుంది, దాన్ని విరిచే మందు లేదు. మిరియాలకు ఒకటి రెండు నిమిషాలు, మిర్చికి అర నిమిషం చాలు. పొయ్యి కట్టేసినా మూకుడు వేడికి వేగుతూనే ఉంటాయి కాబట్టి, వేగిన వెంటనే పళ్లెంలోకి తీసేయాలి. వంటిల్లంతా ఘుమఘుమలాడిందని సంబరపడతాం గానీ, నిజానికి సీసాలో ఉండాల్సిన వాసన అది. పొగ కనిపించిందంటే సెగ ఎక్కువైనట్టే.

వేయించిన దినుసులు పూర్తిగా చల్లారాకే మిక్సీ జార్‌లో వేసి, పది సెకన్లు తిప్పి ఆపుతూ, మళ్లీ తిప్పుతూ పొడి చేయాలి. ఏకబిగిన తిప్పితే బ్లేడు రాపిడికి పొడి వేడెక్కి సుగంధ తైలాలు ఎగిరిపోతాయి. జల్లెడలో మిగిలిన రవ్వను ఇంకోసారి తిప్పాలి. శొంఠి పొడిని చివర్లో కలపాలి. పొడి వెచ్చగా ఉండగానే సీసాకెక్కిస్తే మూత లోపల ఆవిరి చెమ్మగా మారుతుంది, బూజు మొదలయ్యేది అక్కడే. బూజు పట్టిన పొడిని పైపైన తీసేసి వాడుకోవడం పొదుపు కాదు, సీసా మొత్తం పారబోయాల్సిందే.

ఈ పొడిలో ఉప్పు లేదు, కావాలనే. ఉప్పు విడిగా ఉంటే అదే పొడి కూరలోకీ, వేపుళ్ల మీదికీ, సలాడ్‌లోకీ పనికొస్తుంది. చల్లుకునే సీజనింగ్ కావాలంటే అప్పటికప్పుడు కలుపుకోవచ్చు, కాకపోతే తూకం వేసి. చెంచా కొలత ఇక్కడ మోసం చేస్తుంది. చెంచాడు మెత్తటి ఉప్పు 6 గ్రాములు తూగితే, చెంచాడు మసాలా పొడి రెండు మూడు గ్రాములే. ‘సమానంగా’ చెంచాతో కొలిచి కలిపారంటే బరువులో మూడింట రెండొంతులు ఉప్పే. పైగా ముతక ఉప్పయితే సీసా కదిలినప్పుడల్లా పొడి నుంచి వేరుపడుతుంది, ఒక రోజు వంట చప్పగా, మర్నాడు ఉప్పగా ఉంటుంది. ఉప్పును కూడా పొడి అంత మెత్తగా తిప్పి కలిపితే ఆ తంటా తప్పుతుంది.

ఉండకట్టడం మరో తలనొప్పి. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా నీరు పీల్చుకుంటుంది. మెగ్నీషియం క్లోరైడ్ లాంటి మలినాలున్న ముతక ఉప్పు అంతకు ముందే చెమ్మగిల్లుతుంది. పొట్లాల్లో దీనికి విరుగుడుగా 551 నంబరుతో సిలికాన్ డయాక్సైడ్ వేస్తారు. ఇంట్లోనైతే ఉప్పును పొడి మూకుట్లో మూడు నాలుగు నిమిషాలు వేడిచేసి చల్లార్చి, 100 గ్రాములకు 2 గ్రాముల మొక్కజొన్న పిండి కలిపితే చాలు. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి చల్లే అలవాటుంటే ఇవేవీ పనిచేయవు. ఆవిరి నేరుగా సీసాలోకే పోతుంది.

పొట్లం రుచి ఇంటి పొడికి రాలేదని నిరాశపడేవాళ్లు ఒక విషయం గమనించాలి. ఆ లోటు మసాలాది కాదు, ఉమామి అనే కమ్మటి మాంసపు రసం లాంటి రుచిది. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా సముద్రపు నాచు రసంలో పట్టుకున్నది ఆ రుచినే. ఎండబెట్టిన పుట్టగొడుగుల పొడితో అది చాలావరకు వస్తుంది. కూరకు పనికిరావని తీసేసే గట్టి కాడలు దీనికి చాలు, అంటే ఖర్చు లేనట్టే. ఎంఎస్‌జీ (మోనోసోడియం గ్లుటమేట్, ఆ రుచినిచ్చే తెల్లటి పొడి) నేరుగా వాడినా తప్పు లేదు. ఉప్పులో సోడియం 39 శాతం, ఎంఎస్‌జీలో 12 శాతమే. 100 గ్రాముల మిశ్రమానికి 5 గ్రాములు వేసి, ఉప్పు కొంత తగ్గించుకోవచ్చు. నిమ్మ, నారింజ తొక్కలూ ఇలాంటి ఉచిత సరుకే, లోపలి తెల్లభాగం చేదు కాబట్టి పైపొర మాత్రమే గీరి ఎండబెట్టాలి.

పొదుపును నిజంగా దెబ్బతీసేది ఎక్కువ చేసి పెట్టుకోవడం. గింజగా ఏళ్ల తరబడి నిలిచే దినుసు, పొడి అయ్యాక ఆరు నెలల్లో చాలా వాసన పోగొట్టుకుంటుంది. వారానికి నాలుగుసార్లు చెంచాడేసి వాడితే పది గ్రాములు. పైన చెప్పిన 120 గ్రాములు మూడు నెలలకు సరిపోతాయి, అంతకు మించి చేయనక్కర్లేదు. సీసా పొయ్యి పక్కన కాకుండా చీకటి అలమరలో ఉండాలి, వెలుతురుకు మిర్చి, పసుపు రంగులు వెలిసిపోతాయి.

ఇంట్లో చేయదగ్గ సీజనింగ్‌ల జాబితాల్లో తరచూ కనిపించే వెల్లుల్లి నూనె విషయంలో మాత్రం పొదుపు లెక్క పక్కన పెట్టాలి. పచ్చి రెబ్బలు నూనెలో మునిగితే గాలి తగలదు, పులుపూ ఉండదు. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బును కలిగించే క్లాస్ట్రిడియం బాక్టీరియాకు కావలసింది అదే, అది విషం చేసినా వాసనలో, రంగులో తేడా తెలియకపోవచ్చు. చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, నాలుగు రోజుల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి.